చేదు కంటే ముందు వాసన

ప్రశ్న: మాది కావలి. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్నేహితులతో ఒక గ్లాసు బీరు తప్ప నాకు వేరే అలవాటు లేదు. పోయిన నెల బెంగళూరు వెళ్తే మా అబ్బాయి ఒక చిన్న బ్రూవరీకి తీసుకెళ్లాడు, బీరు అక్కడే కాచి అక్కడే పోస్తారు. గ్లాసు దగ్గరికి రాగానే నిమ్మతోటలో నిలబడినట్టు వాసన వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. తీరా నోట్లో పోసుకుంటే వేపాకు కషాయం. ‘పాడైందేమో చూడరా’ అంటే ‘కాదు నాయనా, ఇది ఐపీఏ, హాప్స్ ఎక్కువ వేస్తారు, ఇట్టనే ఉంటుంది’ అన్నాడు. సగం వదిలేశాను. నిమ్మ వాసన వేసేది వేప రుచి ఎట్లా వస్తుంది? ఈసారి వెళ్తే ఎట్లా తాగాలి?

జవాబు: మాస్టారూ, బీరు పాడవలేదు, మీ నాలుక కూడా సరిగ్గానే చెప్పింది. ఆ నిమ్మ వాసనా ఆ వేప చేదూ రెండూ ఒకే పువ్వులోంచి వచ్చాయి, కానీ వాటిని బీరులోకి దించే పద్ధతులు వేరు.

హాప్స్ అంటే ఒక తీగ మొక్క పూత. ఆడ తీగకు వచ్చే పూలగుత్తులే వాడతారు, చిన్న పచ్చటి మొగ్గల్లా పొరలు పొరలుగా ఉంటాయి. ఆ పొరల అడుగున పసుపు పొడిలా లుపులిన్ అనే పదార్థం ఉంటుంది. చేదుకు కావలసిన జిగురూ వాసనకు కావలసిన తైలాలూ రెండూ అందులోనే. నేను మొదటిసారి ఒక బ్రూవరీ వంటగదిలోకి వెళ్లినప్పుడు అక్కడ బీరు కాచే కుర్రాడు ఒక పిడికెడు హాప్స్ గుళికలు నా అరచేతిలో పోశాడు. చూడటానికి పశువుల దాణా గుళికల్లాగే ఉన్నాయి, పచ్చగా. ‘నలపండి సార్’ అన్నాడు. రెండు చేతుల మధ్య నలిపితే వేడికి పొడి పొడి అయిపోయి, ముందు కోసిన గడ్డి వాసన, ఆ వెనకే దబ్బకాయ తొక్క గిల్లినప్పటి వాసన, ఇంకాసేపటికి పండిన మామిడి వాసన వచ్చాయి. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఆ మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుని తింటే మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా వేళ్లకున్న చేదు నోటికి తగులుతూనే ఉంది. వాసన సబ్బుతో పోయింది, చేదు జిగురు పోలేదు. రెండింటి స్వభావం వేరని పుస్తకంలో చదివిన దానికంటే నాకు ఆ పెరుగన్నం దగ్గరే బాగా అర్థమైంది.

ఇప్పుడు కాచే పద్ధతి చూడండి. బార్లీని మొలకెత్తించి ఎండబెట్టి (మనం రాగి మాల్ట్ చేసుకున్నట్టే) ముతకగా మర పట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. దాన్ని వడగట్టి గంట, గంటన్నర మరిగిస్తారు. హాప్స్ మరుగు మొదట్లోనే వేస్తే వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు వేడికి రూపం మారి నీళ్లలో కరిగే చేదు అవుతాయి. వాసన తైలాలు మాత్రం ఆవిరితోపాటు ఎగిరిపోతాయి. అదే హాప్స్ పొయ్యి కట్టేసే ముందు వేస్తే చేదు తక్కువ దిగుతుంది, వాసన నిలుస్తుంది. మనింట్లో మెంతులు తాలింపులో వేస్తాం, కొత్తిమీర మాత్రం పులుసు దించాక చల్లుతాం కదా, సరిగ్గా అదే లెక్క. ఇంకొకటి కూడా చేస్తారు. ఈస్టు వేసి పులియబెట్టాక, మళ్లీ పొయ్యి ఎక్కించకుండా, చల్లటి బీరులోనే హాప్స్ వేసి కొన్ని రోజులు ఉంచుతారు. దీన్ని డ్రై హాపింగ్ అంటారు. ఎండాకాలం కుండ నీళ్లలో వట్టివేళ్లు వేస్తే నీళ్లకు ఆ పరిమళం పడుతుంది చూడండి, అలాగ. మీ గ్లాసులోంచి వచ్చిన నిమ్మతోట చాలావరకు ఇక్కడిదే, మీ నోటికి తగిలిన వేప గంటసేపు మరిగిన హాప్స్‌ది.

మీరు సైన్సు మాస్టారు కాబట్టి ఇంకో మాట. హాప్స్ తైలాల్లో ఉండే లినలూల్ మన ధనియాల్లోనూ ఉంది, మిర్సీన్ మామిడిలోనూ ఉంది. అందుకే ఆ వాసన మనకు పరాయిగా అనిపించదు. అమెరికాలో 1972లో విడుదలైన కాస్కేడ్ అనే రకంతో ఈ నిమ్మజాతి వాసనల దారి తెరుచుకుంది. 1980లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా అనే చిన్న బ్రూవరీ ఆ కాస్కేడ్‌తో చేసిన పేల్ ఏల్ అనే లేత రంగు బీరుతో ఆ రుచి ఊరూరా పాకింది. కాస్కేడ్ వాసనను అక్కడివాళ్లు గ్రేప్‌ఫ్రూట్‌తో పోలుస్తారు. ఆ పండు మన పంపరపనసకూ తియ్య నారింజకూ పుట్టిన సంకరం. దబ్బాకు చిదిపి వేసిన మజ్జిగ తాగి పెరిగినవాళ్లకు కాస్కేడ్ వాసన ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదని నా నమ్మకం.

ఇక చేదు. మనిషిలో చేదును పట్టుకునే గ్రాహకాలు సుమారు 25 రకాలు ఉన్నాయి, తీపిని పట్టేందుకు అన్ని లేవు. చెట్లలో విషాలు ఎక్కువగా చేదుగా ఉంటాయి కాబట్టి శరీరం ముందు జాగ్రత్తగా ఉమ్మేయమంటుంది. మనిషి మనిషికీ ఆ పట్టు తేడా ఉంటుంది, అది పుట్టుకతో వచ్చేది, కాబట్టి మీ అబ్బాయికి నచ్చింది మీకు నచ్చకపోతే తప్పు మీది కాదు. అయినా చేదును ఇష్టపడటం మనం నేర్చుకోగలం. చిన్నప్పుడు కాకరకాయ చూస్తే పళ్లెం పక్కకు నెట్టినవాళ్లమే పెద్దయ్యాక కాకరకాయ వేపుడు ఉందంటే ఇంకో ముద్ద పెట్టించుకుంటున్నాం. వేపపువ్వు చారు కూడా అంతే.

చేదును కొలిచే లెక్క ఒకటుంది, ఐబీయూ అంటారు. ఒక లీటరులో ఒక మిల్లీగ్రాము చేదు పదార్థం ఉంటే దాదాపు ఒక ఐబీయూ. మనకు అలవాటైన మామూలు లాగర్ బీర్లు చాలావరకు 10 నుంచి 20 మధ్య ఉంటే, ఐపీఏ 40 నుంచి 70 దాకా పోతుంది. మీరు ఒక్కసారిగా నేల మీద నుంచి డాబా మీదకు ఎగిరారు, మధ్యలో మెట్లున్నాయి. ఈసారి ముందు గోధుమ బీరు అడగండి, అందులో హాప్స్ చాలా తక్కువ, అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి, అవి ఈస్టు తయారుచేసేవే తప్ప పండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. తర్వాత పేల్ ఏల్. ఆ తర్వాతే ఐపీఏ. చాలాచోట్ల నాలుగైదు రకాలు చిన్న చిన్న గ్లాసుల్లో పోసి ఒకే పళ్లెంలో ఇస్తారు, అది తీసుకుని ఇద్దరు పంచుకోండి, సరిపోతుంది.

తాగే పద్ధతి గురించి నా అనుభవం చెప్తాను. ఐపీఏ మంచులా చల్లగా ఉంటే వాసన లేవదు, చేదు ఒక్కటే తెలుస్తుంది. గ్లాసు ఒక ఐదు నిమిషాలు బల్ల మీద ఉండనివ్వండి, 8, 10 డిగ్రీలకు వస్తే చాలు. నురగ తీసేయమని చెప్పకండి, వాసన పట్టి ఉంచేది అదే. గ్లాసు ఒకసారి మెల్లగా తిప్పి, రెండు మూడు చిన్న ఊపిరులు పీల్చండి, ఒకేసారి గట్టిగా పీలిస్తే ముక్కు వెంటనే అలిసిపోతుంది. చిన్న గుటక నోట్లో నాలుగు వైపులా తిరగనిచ్చి మింగి, నోరు మూసుకుని ముక్కులోంచి ఊపిరి వదలండి. మీరు బయట పీల్చిన నిమ్మ మళ్లీ లోపలి నుంచి వస్తుంది, అప్పుడే వాసనకూ రుచికీ పొంతన కుదురుతుంది. మొదటి గుటకతో తీర్పు చెప్పకండి. మొదటిది నాలుకకు కబురు మాత్రమే. ఒక నిమిషం ఆగి రెండోది తాగితే చేదు వెనక బార్లీ తీపి, కాల్చిన రొట్టె అంచులాంటి రుచి బయటికొస్తుంది. ఆ తీపి లేకుండా ఉత్త చేదే మిగిలితే అది సరిగా కాచని బీరు, అలాంటివీ ఉన్నాయి. అప్పుడు సగం వదిలేయడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్ అని విన్నాను. మన దేశంలో పుట్టిందా? (నెల్లూరు, మూలాపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పుట్టింది ఇంగ్లండులో, పేరు మాత్రం మనది. ఈస్టిండియా కంపెనీ ఓడలు లండన్ నుంచి ఆఫ్రికా కొస చుట్టి మద్రాసు, కలకత్తా రేవులకు వచ్చేవి, నెలల ప్రయాణం. లండన్ తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ అనే వ్యాపారి బ్రూవరీ ఆ ఓడలు ఆగే చోటికి దగ్గర. ఓడ కెప్టెన్లకు సొంత వ్యాపారం చేసుకునే వీలుండేది, హాడ్జ్‌సన్ వాళ్లకు బీరు అరువు మీద ఇచ్చేవాడు. అందులో హాప్స్ దట్టించి చేసే ఒక రకం బీరు సముద్రం మీద ఊగుతూ, వేడికి తట్టుకుంటూ ఇక్కడికి చేరేసరికి ఇంకా బాగా పండి వచ్చేది. హాప్స్ కొన్ని రకాల సూక్ష్మజీవులను పెరగనివ్వవు, బీరును పులిసిపోనివ్వవు. కాబట్టి ఇండియా కోసమే ఒక మనిషి కూర్చుని కొత్త బీరు కనిపెట్టాడని చెప్పే కథ నమ్మకండి, ఉన్న బీరే ఈ ప్రయాణానికి సరిపోయింది. నల్లటి పోర్టరు బీరు కూడా అవే ఓడల్లో వచ్చింది, బ్రిటిష్ సిపాయిలు ఎక్కువగా తాగింది అదే.

1820ల్లో బర్టన్ అనే ఊరి బ్రూవరీలు ఈ వ్యాపారంలోకి దిగి లండన్ వాళ్లను దాటిపోయాయి. కారణం ఆ ఊరి నీళ్లు. వాటిలో జిప్సం ఎక్కువ, దానివల్ల హాప్స్ చేదు మొద్దుగా కాకుండా పదునుగా తెలుస్తుంది. నీళ్లు మారితే టీ రుచి ఎంత మారుతుందో కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లతో కాఫీ పెట్టుకున్నవాళ్లను అడగండి, చెప్తారు. ఇప్పుడు చిన్న బ్రూవరీల వాళ్లు నీళ్లను ముందు శుద్ధి చేసి, కావలసిన లవణాలు తూకం వేసి కలుపుకుంటున్నారు.

ప్రశ్న: మాది ఒంగోలు. మావారి స్నేహితుడు వేరే ఊరి నుంచి ఖరీదైన క్రాఫ్ట్ బీరు టిన్నులు తెచ్చి ఇచ్చారు. నాకు తాగే అలవాటు లేదు, మావారికి అప్పుడప్పుడు. బీరువా మీద పెట్టి ఎండాకాలం అంతా మర్చిపోయాం. మొన్న తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన. హాప్స్ పాడవనివ్వవంటారు కదా?

జవాబు: అమ్మా, హాప్స్ పులిసిపోకుండా కాపాడతాయి, ముసలితనం రాకుండా కాపాడలేవు. టిన్నులో మిగిలిన కొంచెం గాలి, బీరువా మీద వేడి కలిసి ఆ తడి అట్ట వాసన తెచ్చాయి. మే నెల ఒంగోలులో రేకుల కిందో, డాబా కిందో గదిలో పైన పెట్టిన వస్తువు ఎంత కాగుతుందో మీకు నేను చెప్పాలా. దాన్ని తాగితే జబ్బు చేయదు, కానీ తాగడానికి అందులో ఏమీ మిగల్లేదు, పారబోయించండి.

హాప్స్ ఎక్కువున్న బీరు పచ్చడి కాదు, ఊరే కొద్దీ బాగుపడదు. అది కోసిన మల్లెపూలతో సమానం. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు నెలలకే ఆ పరిమళం సన్నగిల్లుతుంది. అందుకే టిన్ను కొనేటప్పుడు ధర కంటే ముందు తయారైన తేదీ చూడమని మీవారికి చెప్పండి. నాకు చిన్న బ్రూవరీల మీద ఇంత ఇష్టం ఉండటానికి కారణం ఇదే, అక్కడ కాచిన చోటికీ తాగే బల్లకూ మధ్య దూరం పది అడుగులు.

సీసాల సంగతీ చెప్తాను. వెలుతురు తగిలితే హాప్స్ చేదు విరిగి గంధకం కలిసిన ఒక చెడ్డ కంపు పుడుతుంది, ఎండలో అయితే నిమిషాల్లోనే. ముదురు గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, పచ్చ సీసా, తెల్ల సీసా ఆపలేవు.

ప్రశ్న: నెల్లూరు చేపల పులుసుతో ఐపీఏ బాగుంటుందా? (కోవూరు నుంచి)

జవాబు: బాగోదు. చేదు కారాన్ని రెచ్చగొడుతుంది. మన పులుసులో చింతపండు, మామిడికాయ, మిరప్పొడి మూడూ గట్టిగానే ఉంటాయి, వాటి మీద ఐపీఏ పోస్తే నోరు మండటం తప్ప పులుసు రుచీ తెలియదు, బీరు రుచీ తెలియదు. నిన్నటి పులుసు ఇవాళ అన్నంలో తినడమే దానికి మర్యాద. ఐపీఏకు వేపుడు సరిపోతుంది, ఉప్పూ నూనే చేదును మెత్తబరుస్తాయి. కారం తగ్గించి వేయించిన వంజరం ముక్క, వేయించిన వేరుశనగ గుళ్లు, అంతే. కారం వదులుకోలేనంటే గోధుమ బీరుకు వెళ్లండి.

ప్రశ్న: మాది వింజమూరు. మీ పత్రికలో బీరు రుచుల గురించి రాస్తారని తెలిసి బాధేసింది. దూబగుంట ఉన్న జిల్లా ఇది. మా అమ్మ ఆ ఉద్యమంలో తిరిగింది. మీకు ఇది తగునా?

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నేను ఎక్కువసార్లు చదివింది మీదే.

1992లో దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, కూలి డబ్బంతా సారా కొట్టుకు పోవడం గురించి మాట్లాడుకుని, వర్ధినేని రోశమ్మ గారితో కలిసి కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఊళ్లో కొట్టు ముందు చీపుర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లలో మా మేనత్త ఉంది. ఆమె కోపం నాకు తెలుసు, ఆ కోపం న్యాయమైంది.

నేను తాగనివాళ్లను తాగమని ఎప్పుడూ రాయలేదు, రాయను. హాప్స్ ఆరోగ్యానికి మంచివని బీరు అమ్మేవాళ్లు చెప్పే మాటలు కూడా నమ్మొద్దు. మద్యం ఎంత తక్కువైనా పూర్తిగా క్షేమం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఎవరి ఇంట్లో తాగుడు మనిషిని మింగిందో, ఎవరు మానేసి నిలబడ్డారో వాళ్లు ఈ పేజీ తిప్పేయడమే మంచిది.

కానీ ఇప్పటికే తాగుతున్నవాళ్లకు నేను చెప్పదలచింది ఒకటుంది, దానికోసమే రాస్తున్నాను. మన దగ్గర తాగడమంటే ఎక్కడం కోసమే, రుచి అడిగేవాడు లేడు. ఖాళీ కడుపు మీద 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా గబగబా దించేస్తారు, అందులో 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. 6.5 శాతం ఐపీఏ 330 మిల్లీలీటర్ల గ్లాసులో ఉండేది 21. వాసన చూస్తూ, తింటూ, మాట్లాడుతూ తాగితే ఆ గ్లాసు ముప్పావు గంట వస్తుంది, చేదు వల్ల రెండోది అంత తొందరగా అడగబుద్ధి కాదు. 21 కూడా తక్కువేమీ కాదు, ఆ తర్వాత బండి తాళం ముట్టుకోకూడదు, షుగరుకో, నిద్రకో మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఆ గ్లాసూ ముట్టుకోకూడదు. అయినా తాగేవాడు 52 నుంచి 21కి దిగితే ఆ ఇంట్లో ఎంతో కొంత తేడా ఉంటుందని నేను నిజంగా నమ్ముతున్నాను. మీ అమ్మగారు ఒప్పుకోకపోవచ్చు. ఆవిడకు నా నమస్కారం చెప్పండి.

ప్రశ్న: పొదలకూరు దగ్గర మాకు మూడెకరాల నిమ్మతోట ఉంది. ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాదు. మా వైపు హాప్స్ పండుతుందా? పోనీ మా నిమ్మకాయలు బీరులోకి పనికొస్తాయా?

జవాబు: హాప్స్ వద్దు, డబ్బు పెట్టకండి. ఆ తీగ బాగా ఎదిగి నిండుగా పూయాలంటే ఎండాకాలం పగలు బాగా సాగాలి, చలికాలంలో గట్టి చలి పడి తీగ నిద్రపోతే మంచిది. జర్మనీలో హాలర్‌టావు, అమెరికాలో యాకిమా లోయ ఆ తీగకు పేరుపడ్డ చోట్లు, రెండూ భూమధ్యరేఖకు చాలా పైన ఉన్నాయి. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ లాహౌల్ లోయలో పండించారు. నెల్లూరులో ఏడాది మొత్తంలో అతి పెద్ద పగలు కూడా 13 గంటలు దాటదు, చలి సంగతి మీకు తెలిసిందే. ఎవరైనా నారు అమ్ముతామని వస్తే పంపేయండి.

నిమ్మ మాట వేరు. బెల్జియం పద్ధతి గోధుమ బీరులో నారింజ తొక్క, ధనియాలు వేయడం పాత ఆచారం. నిమ్మ రసం వేస్తే బీరు పులుపెక్కుతుంది, కాబట్టి వాళ్లకు కావలసింది తొక్క మీది పలుచటి రంగు పొర మాత్రమే, దాని కింద తెల్ల పొర వస్తే మొద్దు చేదు వస్తుంది. హాప్స్ పని మొత్తం నిమ్మ చెయ్యలేదు, బీరును నిలవ ఉంచే గుణం దానికి లేదు, వాసనకు తోడు మాత్రం నిలుస్తుంది. ఒక బ్రూవరీకి ఒకసారికి కావలసింది కొద్ది కిలోలే, మూడెకరాల కాపును అది మోయలేదు, అందుకని మార్కెట్ యార్డును వదులుకోకండి. కానీ బెంగళూరులో ఒకరిద్దరు బ్రూవరీ వాళ్లకు నమూనా పంపి చూడటానికి పెద్ద ఖర్చు కాదు. పంపేటప్పుడు తోటకు పురుగుమందు కొట్టి ఎన్ని రోజులైందో చీటీ మీద రాసి పెట్టండి, తొక్క వాడేవాళ్లు మొదట అడిగేది అదే. కాయలు గోనెసంచిలో కాకుండా అట్టపెట్టెలో సర్దండి, తొక్క నలిగితే మీరు పంపిన వాసన దారిలోనే పోతుంది.